మన్యపు వేగు – అల్లూరి సీతారామరాజు

గోదావరి సీమలో తునికి సమీపమున, పంపానది యొడ్డున రత్నగిరి యను కొండ కలదు. ఆ కొండమీద 1891వ సంవత్సరమున సత్యనారాయణస్వామి వెలసినప్పటినుండి అన్నవరము గొప్ప యాత్రాస్థలమయ్యెను. మద్రాసునుండి కలకత్తాకు బోవు రైలుమార్గము ఊరి చేరువనే సాగుచుండుటచే అక్కడ క్రొత్తవారు కనబడుట వింత కాదు. వ్రతము చేసికొనవచ్చిన దంపతులు, మ్రొక్కుబడులు తీర్చుకొనవచ్చిన రైతులు, దేశాటనము చేయు సాధువులు ఎల్లప్పుడును వచ్చిపోవుచుందురు. ఎక్కడివారని ఊరివారడుగుదురే కాని, ఎందులకు వచ్చితిరని యడుగరు.

1923 ఏప్రిల్ 17వ తేదిని ఆ యూరికి వచ్చిన క్రొత్తవాడు మాత్రము వేరు విధమువాడు. గడ్డము పెంచిన యువకుడు. వెంట కొలదిమంది అనుచరులు మాత్రమే యుండిరి. ఆయన పోలీసు ఠాణాకు పోయెను. రత్నగిరి నెక్కి స్వామిని దర్శించెను. ఒక పత్రికావిలేకరితో నింపాదిగా మాటలాడెను. వచ్చినవాడెవరో తెలిసినంతనే ఊరివారు గుంపులు గుంపులుగా చేరి నమస్కరించిరి. తరువాత ఆయన శంఖవరము వైపు వెడలిపోయెను. అక్కడను ప్రజలు ఆయనకు హారతులు పట్టిరి.

ఆ యువకుడే అల్లూరి శ్రీరామరాజు. సీతారామరాజను పేరున లోకము ఆయన నెరుగును. అప్పటికి నాలుగు నెలలుగా సర్కారు బలగములు ఆయనకొరకు కొండలు గాలించుచుండెను. ఆయన మరణించెనని కొందరును, ఉద్యమము ముగిసినదని కొందరును చెప్పుకొనుచుండిరి. అట్టివాడు పట్టపగలు, రైలుస్టేషను గల యూరిలో, వేలకొలది యాత్రికులు తిరుగాడు చోట ప్రత్యక్షమై, పని చూచుకొని క్షేమముగా వెడలిపోయెను. ఆయన రాక సర్కారుకు ముందుగా తెలియలేదు. తెలిసినవారెవరును చెప్పలేదు.

రాజులు చారులే కన్నులుగా గలవారని మన పెద్దలందురు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున గూఢచారులకు ప్రత్యేకాధ్యాయములనే కేటాయించెను. తాపసివేషమున, గృహస్థువేషమున, వర్తకునివేషమున చారులను నిలుపవలెననియు, ఒకరి నొకరెరుగని ముగ్గురు చారుల వార్తలు ఏకమైనప్పుడే నమ్మవలెననియు ఆయన విధించెను. శ్రీకృష్ణదేవరాయలును ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున చారుల సంగతిని మరువలేదు. ఈ ప్రాచీన విద్యను ఆంగ్లేయులు కార్యాలయములుగను, కాగితపు కట్టలుగను మార్చిరి. 1887లో కేంద్ర ప్రత్యేకశాఖ యను పేర నొక చిన్న కార్యాలయము భారతదేశమున నేర్పడెను. రాష్ట్రములలో సి. ఐ. డి. శాఖలు వెలసెను. 1909లో లండనునందు సయితము ఒక కార్యాలయమును నెలకొల్పి ఐరోపాలోని భారతీయ విప్లవకారులను గనిపెట్టసాగిరి. ఇక్కడి కేంద్రశాఖ 1920లో ఇంటెలిజెన్సు బ్యూరో యను పేరు దాల్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఆ బ్యూరో భారత ప్రభుత్వమునకు సంక్రమించెను. విదేశముల వార్తలు సేకరించు పని 1968లో దానినుండి విడివడి వేరొక సంస్థకు చేరెను. సముద్రములకు ఆవల నున్న విద్యార్థి యెవరితో భోజనము చేయుచున్నాడో తెలిసికొనగలిగిన ఆనాటి సర్కారుకు, అన్నవరమునకు కూతవేటు దూరమున మొదలగు కొండలలో నొక యువకుడు ఎక్కడ నిద్రించుచున్నాడో తెలియకపోయెను.

ఆ కొండలలో వార్త యెట్లు నడిచెడిదో ముందు తెలిసికొనవలెను. అన్నవరమునుండి శంఖవరము దాటి ఉత్తరముగా పోయినచో కొండలు మొదలగును. అవి పోను పోను చిక్కనై గూడెము, రంప యను మన్యప్రాంతములుగా విస్తరించినవి. అడవి, వాగులు, మన్యపుజ్వరము మైదానపువారికి భయము గొలుపునవి. అచ్చట కొన్ని గ్రామములను కలిపి ముఠా యని వ్యవహరించెడివారు. ముఠాకు పెద్ద ముఠాదారు. శిస్తు చెల్లించుట, శాంతిని కాపాడుట, ఫితూరీ పుట్టబోవు సూచన లేవైన నున్నచో సర్కారుకు తెలుపుట ఆతని విధులు. ముఠాదారు డిప్యూటీ తహసీలుదారునకు, ఆతడు పై యధికారికి, ఆ యధికారి మద్రాసునకు – ఇట్లు వార్త మెట్టు మెట్టుగా నెక్కెడిది. మొదటి మెట్టున నున్నవాడు నోరు మూసికొన్నచో పైనున్న మెట్లన్నియు వట్టివే.

ఆ మొదటి మెట్టును సర్కారువారే పడగొట్టుకొనిరి. కొండలవారు తరతరములుగా అడవిలో కొంత భాగమును నరికి, కాల్చి, ఆ బూడిదలో గింజలు చల్లి పంట పండించుకొనెడివారు. దీనినే పోడు వ్యవసాయ మందురు. 1882వ సంవత్సరపు అటవీ చట్టమువలన ఆ పోడునకు ఆటంకములు వచ్చెను. తాతలనాడు తమదైన అడవిలో కట్టె కొట్టుట నేరమయ్యెను. ముఠాదారుల పాత హక్కులు క్రమముగా తగ్గిపోయెను. దీనికితోడు గూడెము డిప్యూటీ తహసీలుదారైన బాస్టియను నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా కొండలలోనికి రోడ్డు వేయించుచు, కూలివారికి తగిన కూలి నీయక చాకిరి చేయించుచుండెను. అడిగినవారికి దెబ్బలు తగిలెడివి. ముఠాదారీ కుటుంబమునకు చెందిన గాము గంటందొర, గాము మల్లుదొర యను సోదరులును ఈ యన్యాయమునకు గురియైనవారే. తన వీపుమీద కొరడా ఝళిపించువాని చెవిలో రహస్యము చెప్పువాడు ఏ దేశమునందును ఉండడు.

ఇట్టి కొండలకు మైదానమునుండి వచ్చినవాడు శ్రీరామరాజు. 1897 జూలై 4వ తేదిని విశాఖపట్టణము జిల్లా పాండ్రంగిలో మాతామహుల యింట ఆయన జన్మించెను. స్వగ్రామము భీమవరము తాలూకాలోని మోగల్లు. తండ్రి వెంకటరామరాజు ఛాయాచిత్రములు తీయువాడు, తల్లి సూర్యనారాయణమ్మ. 1908లో గోదావరి పుష్కరముల సమయమున రాజమహేంద్రవరమున తండ్రి కలరా సోకి మరణించెను. పదునొకండేండ్ల బాలునికి అది గొప్ప దెబ్బ. పినతండ్రి యాదరణతో రామచంద్రపురము, కాకినాడ, నరసాపురము మొదలగు చోట్ల చదువు సాగెను కాని నిలుకడ కుదరలేదు. కాకినాడ పాఠశాలలో మద్దూరి అన్నపూర్ణయ్య ఆయనకు సహాధ్యాయి. పాఠ్యపుస్తకములకంటె గుఱ్ఱపుస్వారి, జ్యోతిషము, మూలికావైద్యము ఆయన మనస్సును హెచ్చుగా ఆకర్షించెను. తల్లి తునిలో కాపురమున్న కాలమున ఆయన అక్కడినుండి మన్యమునకు పోయి వచ్చుచుండెడివాడు. 1916లో ఉత్తరదేశయాత్రకు వెడలి కాశి మున్నగు పుణ్యక్షేత్రములు సేవించి మరలివచ్చి, కొండల ముంగిట నున్న కృష్ణదేవిపేటలో నివాస మేర్పరచుకొనెను.

కొండలవారు ఆయనను మొదట యోగిగను, వైద్యునిగను ఎరిగిరి. ఆయన వారికి మూలికలిచ్చెను, వారి భాషలో మాటలాడెను. కల్లు మానుడని, తగవులను కచేరీలకు పోక పంచాయతీలలో తీర్చుకొనుడని బోధించెను. అది దేశమంతట సహాయనిరాకరణోద్యమము సాగుచున్న కాలము. కావున ఈ బోధలు అధికారుల చెవులకు కటువుగా వినిపించెను. కౌటిల్యుడు చారునకు తాపసివేషము వేయుమని చెప్పెను. సర్కారువారు నిజముగా తపస్సు చేయుచున్నవానిని చూచి, ఇది వేషమేమోయని కలవరపడిరి. 1922 ఆరంభమున ఆయనను విచారించి, కొంతకాలము నర్సీపట్నమున నుంచి, పిమ్మట అడ్డతీగలకు చేరువ పైడిపుట్టలో భూమి చూపి, పోలీసుల కనుసన్నల బ్రదుకునట్లు చేసిరి. తానెక్కడికి పోవుచున్నాడో, ఎవరు తనకడకు వచ్చుచున్నారో ఒకడు వ్రాసికొనుచుండగా జీవించుట ఆయనకు దుర్భరమయ్యెను. పోలవరమున డిప్యూటీ కలెక్టరుగానున్న ఫజులుల్లాఖాను రాజునెడ సద్భావము గలవాడు. ఆయన తోడ్పాటుతో 1922 జూన్ నెలలో రాజు ఆ నిర్బంధమునుండి బయటపడి మరల గూడెపు కొండలలో కాలు మోపెను.

అటుపిమ్మట రెండు నెలలు కొండలలో నేమి జరిగినదో సర్కారు కాగితములకు ఎక్కలేదు. గంటందొర, మల్లుదొర, ఎండుపడాలు మొదలగువారు రాజుతో చేరిరి. ఊరూర మనుష్యులు కూడిరి. సుమారు మూడువందలమంది విండ్లు, బల్లెములు సిద్ధము చేసికొనుట చిన్న సంగతి కాదు. దానిని చూడనివారు లేరు. సర్కారుకు చెప్పినవారును లేరు. 1922 ఆగష్టు 22వ తేదిని ఆ దళము చింతపల్లి ఠాణామీద పడెను. 11 తుపాకులు, 5 కత్తులు, 14 బాయినెట్లు, 1,390 తూటాలు చేజిక్కెను. మరునాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు దొరికెను. 24వ తేదిని రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు దొరికెను. అచ్చట బందీగానున్న వీరయ్యదొరకు విముక్తి కలిగెను. మూడు దినములలో మూడు ఠాణాలు! ఒక ఠాణా పడినదను వార్త రెండవ ఠాణాకు చేరులోపల రాజు అక్కడ నుండెను.

ఈ దాడులలో అధికారులను తుపాకుల నష్టముకంటె కలచివేసినది వేరొకటి కలదు. రాజు ఠాణాలోని పుస్తకమును తెప్పించి, తాను తీసికొనిపోవుచున్న ఆయుధముల పట్టికను అందు స్వయముగా వ్రాసి, క్రింద సంతకము చేసెను. దొంగ వలె చీకటిలో తప్పుకొనక, పుచ్చుకొన్న సొమ్మునకు రసీదు వ్రాసియిచ్చిన వర్తకుని వలె ఆయన ప్రవర్తించెను. రానున్న దాడిని గూర్చి ముందుగానే మిరపకాయలతో కూడిన జాబు పంపెడివాడనియు చెప్పుదురు. దీనినే ప్రజలు మిరపకాయ టపా యనిరి. గూఢచారి యెంతో శ్రమపడి తేవలసిన రహస్యమును శత్రువే టపాలో పంపినచో ఇక గూఢచారికి పనియేమి? ఆ జాబు నిజమా, మోసమా యని కూర్చుండి తర్కించుటలోనే ఠాణావారి ధైర్యము సగము కరిగెడిది.

రాజు తన వార్తలను తెచ్చుకొన్న విధము మిక్కిలి సులభమైనది. ఆయనకు జీతముపుచ్చుకొను చారులు లేరు. పశువులు కాయు పిల్లవాడు, సంతకు పోవు ముదుసలి, పోలీసుల మూటలు మోయుటకు పట్టుబడిన కూలి – వీరే ఆయనకు వేగులవారు. బలగము కొండ యెక్కవలెనన్న మూటలు మోయువారు కావలెను, త్రోవ చూపువారు కావలెను, బియ్యము అమ్మువారు కావలెను. అడవిలో వంద మంది నడిచినచో పక్షులు లేచును, కుక్కలు మొఱుగును, మనుష్యులకు తెలియకుండునా? ఆ తెలిసిన సంగతి ఒక గూడెమునుండి మరొక గూడెమునకు అధికారుల గుఱ్ఱములకంటె ముందుగా పోయెడిది. పోలీసులు అడిగినప్పుడు మాత్రము ఎవరును ఏమియు ఎరుగరు.

ఇందుకు దామనపల్లి ఘాటున జరిగిన సంగతి ప్రబల నిదర్శనము. 1922 సెప్టెంబరు 24వ తేదిని స్కాట్ కవర్డు, హైటరు అను నిరువురు ఆంగ్లాధికారులు రాజును వెదకుచు పోలీసు బలముతో ఆ కనుమలో ప్రవేశించిరి. రాజు మనుష్యులు పైనున్న పొదలలో పొంచియుండిరి. ముందు నడచుచున్న భారతీయ పోలీసులను ఏమియు చేయక పోనిచ్చిరి. అధికారులు గుఱి కెదురుగా వచ్చినప్పుడు మాత్రమే తుపాకులు ప్రేలెను. ఇరువురును అక్కడనే కూలిరి. వారి సమాధులు నర్సీపట్నమున కలవు. బలగము ఏ త్రోవన వచ్చునో, ఎప్పుడు వచ్చునో, అందులో నెవరు ఎక్కడ నడచుచుందురో ఇంత నిర్దిష్టముగా తెలియనిదే అట్టి పని సాధ్యము కాదు. నాటినుండి బలగములు కనుమలలో అడుగిడుటకు వెనుకాడెను.

అయినను సర్కారువారు ఏమియు నేర్చుకొనలేదని తలచరాదు. అక్టోబరు 15వ తేదిని రాజు అడ్డతీగల ఠాణామీదికి వచ్చునప్పటికి తుపాకులు, తూటాలు అక్కడ లేవు, ముందే దాచివేసిరి. ఆయన అక్కడి పుస్తకములో సంతకము చేసి, వేళ కూడ వ్రాసి మరలెను. 19వ తేదిని రంపచోడవరమున ప్రజలు ఆయనను ఆదరించిరి. ఆయన అధికారులకు అభయమిచ్చి విడిచెను. ఆయుధములు మాత్రము పెద్దగా లాభించలేదు. ఇక్కడ నొక మాట చెప్పక తప్పదు. రహస్యమును లెక్కచేయక చెప్పి వచ్చుట వీరోచితమే, ప్రజలకు ఉత్సాహకరమే. కాని తూటాలు లేని దళమునకు అది వ్యయముతో కూడిన వీరత్వము. మొదటి మూడు దినములలో దొరికినన్ని ఆయుధములు మరల ఎన్నడును దొరకలేదు.

మలబారున మాప్పిళ్ల తిరుగుబాటు కాలమున కూర్చిన ప్రత్యేక పోలీసు బలమును సర్కారువారు మన్యమునకు రప్పించిరి. కొండలలో, వానలలో నడచుట వారికి అలవాటు. 1922 డిసెంబరు 6వ తేదిని పెదగడ్డపాలెము వరిచేలలో పోరు జరిగెను. ఆ రాత్రియే లింగాపురము వద్ద, విశ్రమించుచున్న దళముమీద పోలీసులు పడిరి. ఆ దినమున రాజు పక్షమున పండ్రెండుమంది వరకు మరణించిరి. వేగు మొదటిసారిగా అవతలి పక్షమునకు పనిచేసినది. రాజు తన దళమును చిన్న చిన్న తుకడాలుగా విడదీసి అడవిలో కలిసిపోయెను. నాలుగు నెలలు కొండలు నిశ్శబ్దమయ్యెను.

ఆ నిశ్శబ్దమును ఛేదించినదే అన్నవరపు యాత్ర. తుపాకులకొరకే పోయెననుటకు వీలులేదు. అంతటి కొలది పరివారముతో తుపాకులకు ఎవరును పోరు. తాను జీవించియున్నానని కొండలవారికే కాక మైదానమువారికిని తెలుపుటకు అంతకంటె తగిన చోటు లేదు. అన్నవరమున చూచిన సంగతిని యాత్రికులు రైలెక్కి నలుదెసలకు కొనిపోవుదురు. విలేకరితో ఆయన చేసిన సంభాషణ కొలది దినములలోనే ఆంధ్రపత్రికలో ప్రకటింపబడెను. మరణించెనని సర్కారువారు సంతోషించినవాడు అచ్చులో మాటలాడెను. నాలుగు నెలలు పోలీసులు పోగుచేసిన పుకార్లన్నియు ఒక పూటలో వమ్మయ్యెను.

కాని ఆ పూటకు వెల చెల్లించినవారు అన్నవరము, శంఖవరము ప్రజలు. రాజు వచ్చినప్పుడు ఠాణాలకు పరుగిడి తెలుపక, పూలు చల్లి హారతు లెత్తినందులకు ఆ గ్రామములమీద సర్కారువారు అదనపు పన్ను విధించిరి. మౌనముమీద పన్ను! వీరి పేర్లు ఏ శిలాఫలకముమీదను లేవు. సీతారామరాజు కథ చెప్పునప్పుడు సాధారణముగా వీరిని మరచుచుందురు.

తరువాత సర్కారువారు ధనమును నమ్ముకొనిరి. రాజు తలకు 10,000 రూపాయల బహుమానము ప్రకటించిరి. గంటందొర మొదలగువారి తలలకు వేయేసి రూపాయలు కట్టిరి. నాటి కొండలలో ఒక కుటుంబము సంవత్సరము పొడవున కష్టపడినను వంద రూపాయలు కంటజూచుట అరుదు. అట్టివారి మధ్య ఆయన ఇంకొక సంవత్సరముపైగా తిరిగెను. ఆ సొమ్ము కాశపడి ఊరిలోనికి వచ్చి చెప్పినవాడు లేడు. అయినను వేగు చిన్న చిన్న రంధ్రములనుండి కారుచునే యుండెను. 1923 సెప్టెంబరులో మల్లుదొర నడింపాలెమున పట్టుబడెను. దళములో ధైర్యమునకు పేరుగన్నవాడు చిక్కుట రాజునకు పెద్ద లోటయ్యెను.

1924లో పోరాటపు రూపమే మారెను. అస్సాము రైఫిల్సు దళములు దిగెను. ఏప్రిలులో రూథర్‌ఫర్డు అను నధికారి ప్రత్యేక కమీషనరుగా వచ్చెను. ఇంతవరకు సర్కారువారు రాజును వెదకిరి. ఇక రాజును దాచుచున్న గ్రామములను పట్టుకొనిరి. ధాన్యము కొండలలోనికి పోనీయలేదు. అనుమానము కలిగిన గూడెములవారిని హింసించిరి. అన్నము పెట్టినవాడును, త్రోవ చూపినవాడును, ఊరక చూచి ఊరకున్నవాడును దోషులే యయిరి. ప్రేమవలన దొరకని వార్తను, డబ్బువలన దొరకని వార్తను ఆకలివలన సంపాదింప యత్నించిరి. మే నెల మన్యములో ఎండలు మండు కాలము. పాత ధాన్యము అయిపోయి, క్రొత్త పంట లేని కాలము. ఈ పనికి అంతకంటె అనువైన అదను ఉండదు. మే 6వ తేదిని జరిగిన పోరులో రాజు ముఖ్యానుచరుడైన అగ్గిరాజు గాయపడి చిక్కెను.

మరునాడు, 1924 మే 7వ తేదిని, రాజు శత్రువుల చేత పడెను. ఆ దినపు వృత్తాంతమును రెండు విధములుగా చెప్పుకొందురు. మంప గ్రామమువద్ద నీటిలో స్నానము చేయుచుండగా నిఘాకు తిరుగుచున్న పోలీసులు గుర్తించి పట్టుకొనిరని యొకటి. తనకొరకు గూడెములవారు పడు బాధలు చూడలేక, తానున్న చోటును తానే ఒక పశువుల కాపరిచే కబురంపి తెలియజేసెనని రెండవది. రెండవ కథయే మన్యమునకు ప్రియమైనది. ఠాణాలకు ముందుగా జాబులు వ్రాసినవానికి అది తగియే యున్నది. ఏ విధముగ చిక్కినను, ఆయనను కొయ్యూరున విడిసియున్న మేజరు గూడాలు ఎదుటికి కొనిపోయిరి. న్యాయస్థానము లేదు, విచారణ లేదు. చెట్టునకు కట్టి కాల్చి చంపిరి. అప్పటికి ఆయనకు ఇరువదియేడేండ్లు నిండలేదు.

మృతదేహమును కృష్ణదేవిపేటకు తెచ్చి, మే 8వ తేదిని దహనము చేసిరి. చూచినవారనేకులుండిరి. అయినను కొండలలో ఆ వార్తను నమ్మినవారు కొద్దిమందియే. సర్కారువారు చెప్పినది కనుక అబద్ధమై యుండునని వారి తర్కము. చనిపోయినవాడు వేరొకడనియు, రాజు ఇంకను జీవించియున్నాడనియు మన్యములో చిరకాలము చెప్పుకొనిరి. ఈ రెండేండ్ల పోరాటమును అణచుటకు సర్కారుకు సుమారు నలుబది లక్షల రూపాయలు ఖర్చయ్యెనని లెక్కలు చెప్పుదురు. అంత వెచ్చించి తెచ్చిన చివరి వార్తను కొండలవారిచే నమ్మింపలేకపోయిరి.

గంటందొర కొలది కాలమునకే పోరులో మరణించెను. అగ్గిరాజును అండమానులకు పంపిరి; ఆతడు మరలి రాలేదు. మల్లుదొరకు మొదట మరణశిక్ష విధించి పిమ్మట దానిని ద్వీపాంతరవాసముగా మార్చిరి. ఆతడు శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో స్వతంత్ర భారతపు మొదటి లోకసభకు సభ్యుడుగా ఎన్నికయ్యెను. రాజు స్మృతికై 1986లో భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను. 2022 ఏప్రిలులో మన్యమునందు ఆయన పేర నొక జిల్లా ఏర్పడెను. ఆయన తుపాకుల పట్టిక వ్రాసి సంతకము చేసిన చింతపల్లి ఆ జిల్లాలోనిదే.